తెలుగు అయిపోయిందా?

మొన్న రాత్రి పడుకోబోతూ మావాడు అడిగాడు, "అమ్మా, టెలుగు అయిపోయిందా? ఇప్పుడు స్పానిష్ కదా!"

వాడికి ఐదేళ్లు. బళ్లో ఒక పాఠం అయ్యాకే ఇంకోటి మొదలుపెడతారు, ఇంట్లోనూ అంతే అనుకున్నాడు. "తెలుగు అయిపోదు నాన్నా" అని దుప్పటి కప్పాను గానీ, నాకు నిద్ర పట్టలేదు.

స్పానిష్ మొదలుపెట్టి మూడు నెలలు. నాకూ కొత్తే, వాడికంటే రెండు పాఠాలు ముందుంటానంతే. 20 దేశాల్లో అధికార భాష, వాడి స్నేహితులిద్దరి ఇంట్లో మాట్లాడేదీ అదే. పైగా తెలుగు వచ్చిన నోటికి తేలికే అనిపించింది. అచ్చులు ఐదే, దాదాపు ఎక్కడ రాసినా అదే పలుకు. 'త', 'ద' అనడానికి మనలాగే నాలుకని పళ్లకి ఆనిస్తారు. 'పెరో' అంటే కానీ, 'పెర్రో' అంటే కుక్క. ఆ తేడా పలకడానికి మనకి కష్టమేముంది?

మావాడు రెండిటినీ ఒకేలా అన్నాడు. "బుర్ర అను, అలాగే" అన్నాను. బుర్ర కూడా రాలేదు. వాడి నోట్లో 'త' ఎప్పుడో 'ట' అయిపోయింది. రోజూ వింటున్నదాన్నే, ఆ రోజే చెవిన పడింది.

ఆ తర్వాత 'తెంగో సింకో ఆన్యోస్' వచ్చింది. నాకు ఐదేళ్లు అని. స్పానిష్‌లో వయసు మనకి ఉంటుంది, ఆకలి మనకి ఉంటుంది, 'తెంగో అంబ్రె' అని. 'మె గుస్తా' అన్నా నాకు నచ్చింది అనే, నేను కాదు, నాకు. ఇంగ్లీషు మీదుగా వస్తే చుట్టుతిరుగుడు, తెలుగు నుంచైతే ఒక్క అడుగు. ఉత్సాహంగా చెప్పాను, "ఆకలేస్తే తెలుగులో ఎలా అంటావో అలాగే!"

"ఎలా అంటాను?" అన్నాడు.

"ఐ యామ్ హంగ్రీ" అంటాడు. ఆ మాటకే ఇన్నాళ్లూ కంచం పెడుతూ వచ్చాను.

స్పానిష్‌కి రోజూ ఇరవై నిమిషాలు, బొమ్మల కార్డులు, సరిగ్గా పలికేదాకా మూడుసార్లు అనిపించే ఓపిక. తెలుగుకి ఏ వేళా పెట్టలేదు, అమ్మభాష దానంతటదే వస్తుందనుకున్నాను. ఇంట్లో తెలుగే అని నియమం పెట్టింది నేనే. పొద్దున బూట్లు తొడిగే తొందరలోనూ, కోపంలోనూ ఇంగ్లీషులోకి జారేదీ నేనే.

ఎవరైనా స్పానిష్ ఎలా మొదలుపెట్టాలని అడిగితే ఒక్కటి చెప్పగలను: వస్తువు పేరుని విడిగా నేర్పకండి, 'లా మేసా', 'ఎల్ లిబ్రో' అని ఒకే మాటలా అనిపించండి. మేసా అంటే బల్ల, స్త్రీలింగం కాబట్టి ముందు 'లా'; లిబ్రో అంటే పుస్తకం, పుంలింగం కాబట్టి 'ఎల్'. "బల్ల అమ్మాయా?" అని మావాడు ఆశ్చర్యపోయాడు. "మనకీ అమ్మ వచ్చింది, బస్సు వచ్చింది ఒకటేగా" అంటే చాలాసేపు నవ్వాడు. ఆ పూట రెండు భాషలూ ఒకదానికొకటి సాయం చేసుకున్నాయి.

అందుకే వారంగా ప్రతి మాటా ముందు తెలుగులో అడిగి, తర్వాత స్పానిష్‌కి వెళ్తున్నాను. వాడు పసిగట్టేశాడు. "ఇది స్పానిష్ టైమా, టెలుగు టైమా?" నేను నిజం చెప్పలేదు. స్పానిష్ మానేద్దామా అంటే వాడికి ఇష్టం, స్నేహితులతో రెండు ముక్కలు మాట్లాడి మెరిసే కళ్లతో వస్తాడు. ఆ భాషకి వాడి ఈడువాళ్లున్నారు. తెలుగుకి మేమిద్దరమే. ఇరవై నిమిషాలు కేటాయిస్తే అదీ ఒక పాఠమే అయిపోతుందేమో, అమ్మతో మాట కాకుండా.

నిన్న సాయంత్రం వంటింట్లోకి వచ్చి, "అమ్మా, తెంగో అంబ్రె" అన్నాడు. నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాను. వాడు నా మొహం చూసి, "నాకు..." అని ఆగిపోయాడు. మిగతా మాట నేనే అందించాలో, ఇంకాసేపు ఆగాలో తెలియలేదు. కంచం తీశాను.