70,000 మందిలో ఆవిడ లేరు

సోమవారం చూసుకుని మరీ లైప్‌జిగ్ వెళ్లాను. బెర్లిన్ నుంచి రైల్లో గంటంపావు. చదును పొలాలు, గాలిమరలు, మధ్యలో నా కునుకు. దారి సంగతులు అంతే.

ముందు 'రుండె ఎకె' చూశాను. గుండ్రటి మూల అని అర్థం. 1990 దాకా విడి దేశంగా ఉన్న కమ్యూనిస్టు తూర్పు జర్మనీలో రహస్య పోలీసు శాఖ స్టాసీకి జిల్లా కార్యాలయం అది, ఇప్పుడు మ్యూజియం. చీకటి కొట్లు ఉంటాయనుకుంటే లినోలియం నేల, పాత వాల్‌పేపర్, బల్లలు కనిపించాయి. అచ్చం గుమస్తాల ఆఫీసు. కవర్లను ఆవిరి పట్టి తెరిచే యంత్రం ఒకటి, చదివాక మళ్లీ అతికించేది ఇంకొకటి. అన్నిటికంటే నన్ను ఆపేసినవి గాజు సీసాలు. అనుమానం ఉన్న మనిషిని కూర్చోబెట్టి, అతని వాసన అంటిన గుడ్డను సీసాలో బిగించి దాచేవారు. రేపు ఎక్కడైనా కరపత్రం దొరికితే అది ఎవరి పనో కుక్క పట్టిస్తుందని! కోటీ అరవై లక్షల జనాభాకు 1989లో 91,000 మంది స్టాసీ ఉద్యోగులు. ఇన్‌ఫార్మర్ల లెక్క వేరే.

తమాషా ఏమిటంటే, ఆ దేశ రాజ్యాంగం 27వ అధికరణంలో భావప్రకటనా స్వేచ్ఛ ఉంది. 'ఈ రాజ్యాంగ సూత్రాలకు లోబడి' అన్న మెలికతో. ఎన్నికలూ ఉండేవి. అభ్యర్థుల పేర్లతో ఒకటే జాబితా. చీటీ తీసుకుని మడిచి పెట్టెలో వేస్తే అవునన్నట్టే. కాదనాలంటే పేర్లు కొట్టేయాలి. అందుకోసం తెర చాటుకు వెళ్తే చాలు, అందరి కళ్లూ పడేవి. అందుకే జనం ఓటు వేయడాన్ని 'చీటీ మడవడం' అనేవారు. 1989 మే 7న స్థానిక ఎన్నికల్లో 98.85 శాతం అవునన్నారని ప్రకటించారు. ఆ రాత్రి కొందరు పౌరులు లెక్కింపు దగ్గర నిలబడి అంకెలు రాసుకున్నారు. కలిపి చూస్తే మోసం బయటపడింది.

సాయంత్రం 5కి నికొలాయ్ చర్చి. 1982 నుంచి సోమవారాల్లో ఇక్కడ శాంతి ప్రార్థన జరుగుతోంది. దేవుణ్ని నమ్మనివాళ్లూ వచ్చేవారట, నలుగురు కూడి మాట్లాడుకోవడానికి వేరే చోటేది? 1989 అక్టోబర్ 9న పాలక కమ్యూనిస్టు పార్టీ తన మనుషులను వందల్లో ముందే పంపి బెంచీలు నింపేసింది. దాంతో వాళ్లూ కూర్చుని ప్రార్థన వినాల్సొచ్చింది! జూన్‌లో చైనాలో నిరసనకారులపై జరిగిన కాల్పులను తమ ప్రభుత్వం సమర్థించిందని అందరికీ తెలుసు. ఇక్కడా అదే జరుగుతుందన్న భయం ఉన్నా, ప్రార్థన అయ్యాక జనం ప్రభుత్వానికి నిరసనగా బయటికి నడిచారు. ఊరి చుట్టూ ఉన్న రింగ్ రోడ్డు మీద ఆ రాత్రి 70,000 మంది. 'మేమే ప్రజలం' అన్నారు. తుపాకులు పేలలేదు.

నా పక్కన ఒక పెద్దావిడ కూర్చున్నారు. ప్రార్థన అయ్యాక మాట కలిసింది, ఇద్దరం రింగ్ వైపు నడిచాం. రిఫార్మ్‌డ్ చర్చి శిఖరం చూపించారు. బెర్లిన్ నుంచి వచ్చిన ఇద్దరు అక్కడ నక్కి ఆ ఊరేగింపును వీడియో తీశారు. టేప్ దొంగచాటుగా సరిహద్దు దాటి, మర్నాడు పశ్చిమ జర్మనీ టీవీలో వచ్చింది.

"ఆ రోజు మీరూ నడిచారా?" అని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది, కానీ నోరు ఆగలేదు.

"లేదు" అన్నారు. "పిల్లలు చిన్నవాళ్లు. దీపం ఆర్పేసి కిటికీలోంచి చూశాను. తర్వాతి సోమవారం వెళ్లాను. అప్పటికి లక్ష దాటారు, భయం సగం తగ్గింది." కాసేపాగి, "మా వీధిలో ఇప్పుడు ఎవరిని అడిగినా తొమ్మిదో తారీఖునే వెళ్లామంటారు" అన్నారు నవ్వుతూ.

ట్రామ్ వచ్చింది. ఆవిడ ఎక్కేశారు.