వెలుగు ఎంతైతే కెమెరాకు ప్రమాదం?

గత మాఘమాసంలో శంషాబాద్ దగ్గర ఒక ఫంక్షన్ హాలులో సంగీత్ చిత్రీకరిస్తుండగా, వేదిక వెనుక నుంచి తిరుగుతూ వచ్చిన ఆకుపచ్చ లేజరు కిరణం రెప్పపాటు కాలం నా కెమెరా లెన్సులో పడింది. ఆ రాత్రి తేడా ఏదీ గమనించక, మరునాటి ముహూర్తం కూడా అదే కెమెరాతో తీశాను. ఇంటికి వచ్చి కంప్యూటరులో చూసుకుంటే, ఆ క్షణం మొదలు ప్రతి దృశ్యంలోనూ పైనుంచి కిందికి సన్నని గులాబీరంగు గీత, దాని మీద ఒక తెల్లని చుక్క ఉన్నాయి. తలంబ్రాల దృశ్యంలో ఆ గీత పెళ్లికూతురి ముఖం మీదుగా పోతోంది. కోఠిలో మరమ్మతు చేసే ఆయన పరీక్షించి, సెన్సర్ (వెలుగును చిత్రంగా మార్చే లోపలి పలక) మార్చడం తప్ప మార్గం లేదన్నారు.

సికింద్రాబాదులో నాకు ఈ పని నేర్పిన గురువుగారు మొదటిరోజే చెప్పిన మాట అప్పుడు గుర్తుకు వచ్చింది: "బాబూ, కెమెరాను సూర్యుడి వైపు గానీ సన్‌గన్ వైపు గానీ తిప్పకు." సన్‌గన్ అంటే వీడియో కోసం పట్టే తీవ్రమైన లైటు. ఆయన 1980లలో, సెన్సర్‌కు బదులు గాజు ట్యూబు ఉండే కెమెరాలతో పెళ్లిళ్లు తీసిన మనిషి. ఆ కెమెరాలలో మంగళహారతి పళ్లెం కదిలితే దీపం వెనుక వెలుగు తోకలా సాగేది. తీవ్రమైన దీపం వైపు కాసేపు ఆపి ఉంచితే దాని మచ్చ ట్యూబు మీద శాశ్వతంగా నిలిచిపోయేది. 1969 నవంబరులో అపోలో 12 వ్యోమగామి అలన్ బీన్ చంద్రుడి మీద టీవీ కెమెరాను స్టాండు మీదికి మారుస్తూ సూర్యుడి వైపు తిప్పినప్పుడు లోపలి ట్యూబు దెబ్బతిని, ఆ యాత్రలో చంద్రతలం నుంచి రావలసిన ప్రత్యక్ష ప్రసారం అంతటితో ముగిసింది.

తరువాత ట్యూబుకు బదులు సీసీడీ అనే తొలితరం సెన్సర్‌తో వచ్చిన కెమెరాలలో దీపానికి పైకీ కిందికీ నిలువు చార పడినా, కెమెరా పక్కకు తిప్పగానే పోయేది. అందుకే మా తరం గురువుగారి హెచ్చరికను పాతకాలపు భయంగా తీసుకుంది. నేనూ తీసుకున్నాను.

నిజానికి చూడవలసింది వెలుగు ఎంత ఉందన్నది కాదు, అది సెన్సర్ మీద ఎంత చోట, ఎంతసేపు పోగుపడుతున్నదన్నది. నడినెత్తి ఎండలో చదరపు మీటరుకు సుమారు 1000 వాట్ల శక్తి పడుతుంది. 200 మిల్లీమీటర్ల లెన్సులో అపెర్చరును (వెలుగు లోపలికి వచ్చే రంధ్రాన్ని) f/2.8 దగ్గర పూర్తిగా తెరిస్తే దాని ముఖం గుండా సుమారు 4 వాట్లు లోపలికి వచ్చి, రెండు మిల్లీమీటర్లకన్నా చిన్నదైన సూర్యబింబంగా కూడుతుంది. చిన్నప్పుడు భూతద్దంతో కాగితం కాల్చినదీ ఇలాగే. ట్రైపాడ్ మీద కెమెరాను అలా వదిలేస్తే సెన్సర్ మీది రంగుల పొర, షట్టరు, అపెర్చరు రేకులు కాలవచ్చు. ఫోను లెన్సు గుండా వచ్చే శక్తి ఒక వాటులో నూరో వంతు ప్రాంతంలోనే ఉంటుంది కాబట్టి ట్యాంక్‌బండ్ మీద సూర్యాస్తమయాన్ని ఫోనుతో తీసేవారు దిగులుపడనక్కరలేదు. 2022 అక్టోబరు 25 సాయంత్రం హైదరాబాదులో పాక్షిక గ్రహణం తీసినప్పుడు మాత్రం, వెలుగును లక్షలో ఒక వంతుకు తగ్గించే సోలార్ ఫిల్టరును నేను లెన్సు ముందు బిగించాను. ఫిల్టరు ఎప్పుడూ లెన్సుకు ముందే ఉండాలి. వెనుక పెడితే పోగైన వేడికి అదే పగిలిపోవచ్చు.

లేజరు సంగతి పూర్తిగా వేరు. సూర్యుడికి ఆకాశంలో అర డిగ్రీ వెడల్పు ఉంది కాబట్టి బింబానికి కొంత పరిమాణం ఉంటుంది. లేజరు కిరణాలు దాదాపు సమాంతరంగా వస్తాయి కాబట్టి లెన్సు వాటిని కొన్ని మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతుల) బిందువుగా, అంటే ఇంచుమించు సెన్సర్ మీది ఒక పిక్సెల్ అంత చోటుకు కుదిస్తుంది. ఆ చోట సన్నని తీగలు కాలితే, వాటితో కలిసిన వరుస మొత్తం గీతగా కనిపిస్తుంది. ఒక్క చుక్కనైతే, చెడిన పిక్సెల్‌ను పక్కవాటితో పూడ్చే కెమెరాలోని పిక్సెల్ మ్యాపింగుతో దాచవచ్చు గానీ గీతను దాచలేము.

కంటికి హాని చేయనిది కెమెరాకూ చేయదనుకోవడం కూడా పొరపాటే. 2019 జనవరిలో లాస్ వెగాస్ ప్రదర్శనలో ఒక కారు లైడార్‌ను (లేజరుతో దూరాలు కొలిచే పరికరాన్ని) ఫొటో తీసిన వ్యక్తి కెమెరాలో ఊదారంగు మచ్చలు మిగిలాయి. అందులోని 1550 నానోమీటర్ల కిరణాన్ని మన కంటిలోని నీరు రెటీనాకు చేరకముందే పీల్చుకుంటుంది. కెమెరాలో అలాంటి నీరు ఎక్కడిది?

వేదిక మీది ఎల్‌ఈడీ తెరలు, షార్పీ లైట్లు (సన్నని తీక్షణ కాంతి పుంజాన్ని తిప్పే దీపాలు) చిత్రాన్ని తెల్లగా కొట్టేస్తాయే తప్ప, మామూలు దూరం నుంచి వాటివల్ల నా సెన్సర్‌కు ఏనాడూ ఏమీ కాలేదు. కన్ను పెట్టి చూసే వ్యూఫైండరు విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం: దాని అద్దంలోకి వెనుక నుంచి ఎండ పడితే లోపలి చిన్న తెర కాలిపోతుంది. మధ్యాహ్నపు బారాత్‌లో కెమెరాను మెడకు వేలాడదీసుకున్నప్పుడు అది ఎటు తిరిగి ఉందో చూసుకోవాలి.

ఇప్పుడు ఒప్పుకున్న ప్రతి పెళ్లికీ ముందురోజే డీజే బృందంలో లేజరు నడిపే అబ్బాయిని కలుస్తున్నాను. "తమ్ముడూ, కిరణాలు జనం తలలకన్నా పైనే ఉండేలా పెట్టు, నా స్టాండు ఇక్కడ ఉంటుంది" అని చోటు చూపిస్తే, వాళ్లు విసుక్కోకుండా సర్దుతున్నారు. సర్దడం కుదరనిచోట లేజరు సాగినంతసేపూ లెన్సుకు మూత పెట్టి, ఆ పాట ఒక్కటీ వేదిక పక్క నుంచి రెండో కెమెరాతో తీస్తున్నాను.