జీనోమ్ అసెంబ్లీలో జీపీయూకి ఏ పని అప్పజెప్పాలి

జీనోమ్ అసెంబ్లీ, అంటే డీఎన్ఏని చదివిన చిన్న ముక్కలను (రీడ్లను) కలిపి మొత్తం జీనోమ్‌ని కూర్చే పని, నెమ్మదిగా నడుస్తోందంటే ముందు ఏ దశ ఎంత సమయం తింటోందో కొలవాలి. మొత్తం సమయంలో కే-మెర్ల (రీడ్లలోని కే అక్షరాల పొడవున్న తునకల) లెక్కింపు వాటా 60 శాతమైతే, దాన్ని జీపీయూ (వేల లెక్కలు ఒకేసారి చేసే గ్రాఫిక్స్ కార్డు) రెప్పపాటులో ముగించినా మొత్తం వేగం 2.5 రెట్లు దాటదు. మిగతా 40 శాతం అలాగే ఉంటుంది మరి.

అయినా మొదట జీపీయూకి ఇవ్వాల్సింది ఈ లెక్కింపునే. ఏ కే-మెర్‌కీ మరోదానితో పని లేదు కాబట్టి వేల థ్రెడ్లకు (ఒకేసారి నడిచే పని వరసలకు) హాయిగా పంచవచ్చు. ఒక్కో బేస్‌కి (డీఎన్ఏ అక్షరానికి: ఏ, సీ, జీ, టీ) 2 బిట్లు చాలు, కాబట్టి 31 పొడవున్న కే-మెర్ ఒక 64 బిట్ల పూర్ణాంకంలో ఇమిడిపోతుంది. రీడ్‌లో 'ఎన్' (ఏదో తెలియని బేస్) వస్తే అక్కడే తెంచేయాలి. 2 బిట్లలో దానికి చోటు లేదు. పట్టించుకోకపోతే చప్పుడు లేకుండా 'ఏ'గా మారి లెక్కలు చెడగొడుతుంది.

అసలు ఇబ్బంది మెమొరీతోనే. మనిషి జీనోమ్‌ని 30 రెట్ల కవరేజీతో (ప్రతి చోటునీ సగటున 30 సార్లు) చదివితే దాదాపు 9,300 కోట్ల బేసులు. తప్పుల రేటు 0.1 శాతమనుకున్నా 9.3 కోట్ల తప్పులు. ఒక్కోటీ గరిష్ఠంగా 31 దొంగ కే-మెర్లను పుట్టిస్తుంది, అంటే 290 కోట్ల దాకా. నిజమైనవి సుమారు 250 కోట్లు. ఒక్కోదానికి కీ (అంటే కే-మెర్) 8 బైట్లు, కౌంట్ 4 బైట్లు వేసుకుంటే 65 జీబీ. వీటిని దాచే హ్యాష్ టేబుల్‌ని 70 శాతమే నింపాలి కాబట్టి 93 జీబీ కావాలి. ఆ 70 శాతం హద్దు ఊరికే పెట్టింది కాదు: లీనియర్ ప్రోబింగ్‌లో (గడి నిండి ఉంటే పక్క గడి చూస్తూ పోయే పద్ధతిలో) కొత్త కే-మెర్‌కి చోటు దొరకడానికి 70 శాతం దగ్గర సగటున 6 గడులు చూస్తే చాలు, 90 శాతం దగ్గర 50 చూడాలి.

24 జీబీ కార్డులో ఇది పట్టదు. మినిమైజర్లను (ఒక్కో కే-మెర్ లోపలి చిన్న తునకల్లో, ఎంచుకున్న క్రమంలో అన్నిటికన్నా ముందు వచ్చేవాటిని) బట్టి రీడ్లను భాగాలుగా విడగొట్టి, ఒక్కో భాగాన్నీ విడిగా లెక్కించాలి. మినిమైజర్లను అక్షరక్రమంలో ఎంచుకోకండి. వరసగా 'ఏ'లు ఉన్న భాగం ఉబ్బిపోయి టేబుల్ పొంగిపోతుంది. హ్యాష్ విలువ క్రమంలో ఎంచుకుంటే భాగాలు చాలావరకు సమంగా వస్తాయి.

కార్డు ఖాళీగా కూర్చుంటోందంటే నేరం చాలాసార్లు జీజిప్‌తో కుదించిన మామూలు రీడ్ల ఫైలుది. దాన్ని విప్పే పని సాధారణంగా ఒకే థ్రెడ్ మీద నడుస్తుంది. బీజీజిప్‌తో బ్లాకులుగా కుదించి ఉంచితే అన్ని కోర్లూ కలిసి విప్పగలవు. బేసులను సీపీయూ దగ్గరే 2 బిట్లకు కుదించి పంపితే సీపీయూ నుంచి కార్డుకి డేటా వెళ్లే దారి మీద భారం నాలుగో వంతుకు తగ్గుతుంది. పిన్డ్ మెమొరీలో (డిస్కుకి తరలిపోకుండా కట్టేసిన మెమొరీలో) రెండు బఫర్లు పెట్టుకుని, ఒకటి లెక్కలో ఉండగా రెండోదాన్ని పంపుతూ ఉండాలి.

కే-మెర్లను కలిపి కట్టిన గ్రాఫ్‌లో బుడగలు (విడిపోయి మళ్లీ కలిసే దారులు) తీసే పనిని మాత్రం సీపీయూకే వదిలేయడం మేలు. వార్ప్‌లోని (జీపీయూలో కలిసి అడుగు వేసే గుంపులోని) 32 థ్రెడ్లలో ఒకటి పొడవైన దారిలో పడితే మిగతా 31 దానికోసం ఆగాల్సిందే. పాలిషింగ్ (కూర్చాక మిగిలిన తప్పులు దిద్దడం) దీనికి పూర్తిగా భిన్నం: ఆ పని చేసే రేకాన్ అనే ప్రోగ్రామ్ కాంటిగ్‌ని (కూర్చగా వచ్చిన పొడవాటి ముక్కని) డీఫాల్ట్‌గా 500 బేసుల కిటికీలుగా కోస్తుంది, ప్రతి కిటికీ స్వతంత్రం. దాని జీపీయూ వెర్షన్‌లో మెమొరీ చాలదన్న ఎర్రర్ వస్తే ముందు బ్యాచ్‌ల సంఖ్య తగ్గించి చూడండి.

ఫలితాన్ని సరిచూడటం దాటవేయరాదు. కే-మెర్ హిస్టోగ్రామ్ (ఎన్నిసార్లు వచ్చిన కే-మెర్లు ఎన్ని అన్న పట్టిక) సీపీయూ ఫలితంతో అంకె అంకెకూ కలవాలి. ఒక్కటి తేడా వచ్చినా అటామిక్ ఆపరేషన్లలోనో (ఒక కౌంట్‌ని ఒక్కసారి ఒక్క థ్రెడే మార్చేలా చూసేవి), టేబుల్ పొంగిన చోటో లోపం ఉన్నట్టే. కాంటిగ్‌ల వరస, దిశ మాత్రం ప్రతి రన్‌కీ మారవచ్చు. అందుకే కాంటిగ్‌నీ దాని రివర్స్ కాంప్లిమెంట్‌నీ (డీఎన్ఏ రెండో పోగు మీది అదే వరసనీ) పోల్చి, అక్షరక్రమంలో ముందు వచ్చేదాన్ని ఉంచుకుని, అన్నిటినీ క్రమంలో పేర్చాకే ఫైళ్లను పోల్చాలి.