గేమ్ తెరిచి, మెనూ చూసి, మూసేయడం

ఈ మధ్య నా గేమింగ్ అంతా ఇదే. సేల్‌లో కొన్నది డౌన్‌లోడ్ అయ్యేదాకా తెగ ఆత్రం, అయ్యాక మెనూ మ్యూజిక్ విని కట్టేయడం.

వైజాగ్ ద్వారకానగర్ నెట్ కేఫ్‌లో కౌంటర్ స్ట్రైక్ 1.6 కోసం సిస్టమ్ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని కాచుకునేవాణ్ణి నేనేనా? వైస్ సిటీ గేములో మిషన్లు ఎవడికి కావాలి, బైకెక్కి సముద్రం పక్కన తిరగడమే. ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా నిజం రోడ్డే ఉంది మాకు, బండే లేదు!

2020 సెప్టెంబర్‌లో పబ్జీ మొబైల్‌ని నిషేధిస్తే, కలిసి ఆడే మా స్క్వాడ్ సంతాపం ప్రకటించింది. 2021లో బీజీఎంఐ పేరుతో తిరిగొచ్చేసరికి ఒకడు హైదరాబాద్, ఒకడికి పెళ్లి, ఇంకొకడికి స్టీల్ ప్లాంట్‌లో నైట్ షిఫ్టు. నాకు అక్కడే తెగిందనుకుంటా. ముక్కూమొహం తెలియనివాళ్లతో ఆడితే ఓడినప్పుడు తిట్టుకోడానికి కూడా మనిషుండడు.

ఇప్పటి గేములు బాలేవనను. గ్రాఫిక్స్ అదిరిపోతాయి. కానీ డైలీ మిషన్లు, బ్యాటిల్ పాస్, లాగిన్ రివార్డులు... ఆఫీసులో టార్గెట్లు చాలవా?

కంట్రోలర్ మేనల్లుడికిచ్చేశా. "మావయ్యా, నువ్వు నూబ్, ఆడ్డమే రాదు" అంటున్నాడు గుంటడు. ఒరేయ్ స్క్వాడ్, ఊళ్లో ఎవరున్నార్రా? ఆదివారం బీచ్‌లో మురీ మిక్చర్ తిందాం.