పదకొండు యూనిట్ల కోసం

మే నెలలో మా కాజీపేట ఇంటి కరెంటు వాడకం 211 యూనిట్లు వచ్చింది. తెలంగాణ ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతిలో నెలకు 200 దాటితే జీరో బిల్లు ఉండదు, మొత్తం కట్టాల్సిందే. పదకొండు యూనిట్ల కోసం!

అమ్మ లైట్ల వెంట పడింది. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బును రోజూ నాలుగు గంటలు ఆపినా నెలకు మిగిలేది ఒక్క యూనిట్టే. అసలు దొంగ హాల్లో కిర్రుమనే పాత ఫ్యాను. 75 వాట్లది, రోజుకు 16 గంటలు తిరుగుతుంది. తీసేసి తక్కువ కరెంటుతో తిరిగే 28 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను పెట్టించాను. నెలకు 22 యూనిట్లు తగ్గాయి.

ఫ్రిజ్ వెనక చెయ్యి పెడితే సెగ కొట్టింది. గోడకు ఆనించి ఉందని జానెడు ముందుకు జరిపాను. దాని మీద కప్పిన పూల గుడ్డను మాత్రం అమ్మ తీయనివ్వలేదు.