మెక్వారీ వీధిలో ఒక మేట్రన్

సిడ్నీలో అమ్మాయి దగ్గరికి వచ్చిన తల్లిదండ్రులందరూ చూసేవే మేమూ చూశాం. ఓపెరా హౌస్, హార్బర్ బ్రిడ్జి, బ్లూ మౌంటెన్స్. వాటి గురించి ఇప్పటికే బోలెడు మంది రాశారు. నేను రాయాలనుకున్నది మెక్వారీ వీధిలోని సిడ్నీ హాస్పిటల్ గురించి, ఒకప్పుడు అక్కడ మేట్రన్‌గా, అంటే నర్సులందరికీ పెద్దగా, పనిచేసిన లూసీ ఆస్‌బర్న్ గురించి. ఉద్యోగమంతా సర్కారు ఆసుపత్రి వార్డుల్లో చేసి రిటైరైన నర్సుని కదా, కాళ్లు అటే లాగాయి.

వెస్ట్‌మీడ్ నుంచి రైల్లో సిటీకి వచ్చి నడిచాం. దారిలో తాగిన కాఫీకి మన డబ్బుల్లో మూడొందలు దాటింది. ఆ చిరాకు తగ్గకముందే ఇంకోటి. ఆసుపత్రి ముందు కంచు అడవిపంది విగ్రహం ఒకటుంది. దాని ముట్టె రుద్దితే అదృష్టం కలిసొస్తుందట. అందరూ దాని చుట్టూ చేరి ఫొటోలే ఫొటోలు. అక్కడ వేసిన చిల్లర ఆసుపత్రికే పోతుంది కాబట్టి దాన్ని తప్పుపట్టను. కానీ నాలుగడుగులు లోపలికి వేసి, నర్సుల కోసం కట్టిన నైటింగేల్ వింగ్ చూద్దామనుకున్న వాళ్లు ఒక్కరూ కనబడలేదు. మనసు చివుక్కుమంది.

ఇక్కడి పాత ఆసుపత్రికి రమ్ హాస్పిటల్ అని పేరు. గవర్నర్ మెక్వారీ దగ్గర కట్టడానికి డబ్బు లేక, కాంట్రాక్టర్లకు 45,000 గాలన్ల రమ్ దిగుమతి చేసుకునే హక్కు ఇచ్చి కట్టించాడు. 1816లో పూర్తయింది. దాని రెండు చివరి భాగాలే ఇప్పటి న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర పార్లమెంటు భవనం, ఒకప్పుడు నాణేలు ముద్రించిన మింట్. మధ్య భాగం 1879లో పడగొట్టేశారు. లూసీ ఆస్‌బర్న్ వచ్చి చేరింది ఆ పాత భవనంలోకే.

ఇంగ్లండులోని లీడ్స్‌కు చెందిన ఈజిప్టు చరిత్ర పండితుడి కూతురు ఆమె. ఆధునిక నర్సింగ్‌కు బాటవేసిన ఫ్లోరెన్స్ నైటింగేల్ లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో పెట్టిన బడిలో నర్సింగ్ నేర్చుకుంది. శిక్షణ పొందిన నర్సుల్ని పంపమని ఇక్కడి నాయకుడు హెన్రీ పార్క్స్ నైటింగేల్‌ను కోరితే, 1868 మార్చిలో ఐదుగురు నర్సుల్ని వెంటబెట్టుకుని ఓడ దిగింది. అప్పటికి 31 ఏళ్లు. వారం తిరక్కుండానే రాణి విక్టోరియా కొడుకు ప్రిన్స్ ఆల్ఫ్రెడ్‌ను సిడ్నీలోనే క్లాంటార్ఫ్ అనే చోట ఒకడు తుపాకీతో కాల్చాడు. ఆయనకు సేవ చేసింది ఈ నర్సులే. ఆయన కోలుకున్నందుకు జనం చందాలు వేసుకుని కట్టిందే ఇప్పటి ప్రిన్స్ ఆల్ఫ్రెడ్ ఆసుపత్రి.

రాకుమారుడికి నయమైంది గానీ, ఆమె కష్టాలు తీరలేదు. వార్డుల నిండా నల్లులు, పురుగులు, కంపు. నర్సింగ్ చూసుకునేది ఆమె, పెత్తనం మాత్రం మగవాళ్ల కమిటీది. నర్సుల్ని క్యాథలిక్ సన్యాసినుల్లా సిస్టర్ అని పిలిపిస్తోందనీ, మతం మార్చడానికి వచ్చిందనీ అనుమానించారు. బైబిళ్లు తగలబెట్టించిందని నింద కూడా వేశారు. 1870లో విచారణ జరిపి, అందులో నిజం లేదని తేల్చారు.

ఇదంతా చదువుతుంటే నాకు మా వార్డు స్టోర్ గుర్తొచ్చింది. దుప్పట్ల కోసం ఇండెంట్ రాసి పంపితే, తాళాలున్నాయన సెలవంటూ తిప్పి పంపేవారు. రౌండ్స్‌కు వచ్చిన పెద్ద డాక్టరుగారు మాత్రం “పక్కలు ఇలా ఉన్నాయేంటమ్మా” అని పేషెంట్ల ఎదుటే నన్ను నిలదీసేవారు. బాధ్యత మనది, తాళంచెవి ఇంకొకరిది. ఆ అవమానం ఎలా ఉంటుందో పడ్డవాళ్లకే తెలుసు. అందుకే 1873లో ప్రభుత్వం వేసిన కమిషన్ తప్పంతా ఆ కమిటీ నిర్లక్ష్యానిదేనని, ఆస్‌బర్న్‌ది కాదని తేల్చిందని తెలియగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. అమ్మాయి కంగారుపడి “ఏమైందమ్మా?” అంది. ఏం చెప్పను? మా వార్డుకి ఏ కమిషనూ రాలేదు.

లోపల ఉన్న పెద్దావిడతో చాలాసేపు మాట్లాడాను. నేనూ నర్సునేనని తెలిశాక ఆవిడ ముఖం విప్పారింది. నా ఇంగ్లీషు తడబడిన చోట అమ్మాయి అందుకుంది. మందులు ఎక్కించడం, పడక పుళ్లు రాకుండా పేషెంటును అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టడం, రాత్రి డ్యూటీ కాళ్లనొప్పులు, ఇలా సాగింది మా కబురు. పార్కింగ్ టైమ్ అయిపోతుందన్న టెన్షన్ కూడా లేదు, రైల్లో వచ్చాం కదా.

ఆస్‌బర్న్ 1884 దాకా ఇక్కడే ఉంది. తిరిగి లండన్ వెళ్లాక విశ్రాంతి తీసుకోలేదు, పేదల ఇళ్లకు వెళ్లి రోగులకు సేవ చేసే నర్సుల పని ఎంచుకుంది. సదర్క్ ప్రాంతంలో అలాంటి నర్సులకు సూపరింటెండెంటుగానూ పనిచేసింది. 1891లో హారోగేట్‌లో షుగర్ వ్యాధితో పోయింది. 55 ఏళ్లేం వయసు! ఇన్సులిన్ రావడానికి ఇంకా ముప్పై ఏళ్లుంది.

ఆమెతో వచ్చిన ఐదుగురిలో హాల్డేన్ టరిఫ్ అనే ఆవిడ మెల్‌బోర్న్‌లోని ఆల్ఫ్రెడ్ ఆసుపత్రికి మొదటి మేట్రన్ అయింది. ఆ ఆసుపత్రికీ ఈ రాకుమారుడి పేరే. వచ్చే నెల మెల్‌బోర్న్ తీసుకెళ్తానని అల్లుడుగారు అంటున్నారు. గ్రేట్ ఓషన్ రోడ్డు తర్వాత చూద్దాం బాబూ, ముందు ఆల్ఫ్రెడ్‌కి వెళ్దాం అని ఇప్పుడే చెప్పేశాను.