నిద్ర చేయబడింది
నిన్న రాత్రి మేనల్లుడి గ్రామర్ హోంవర్క్ చూస్తుంటే నవ్వాగలేదు. వీలైన వాక్యాలనే ప్యాసివ్ వాయిస్‌లోకి మార్చమంటే, వీడు దేన్నీ వదల్లేదు. 'ది బేబీ స్లీప్స్' కాస్తా 'స్లీప్ ఈజ్ డన్ బై ది బేబీ' అయింది. పాపచేత నిద్ర చేయబడింది!

"రూల్ ప్రకారమే రాశా మావయ్యా" అన్నాడు సీరియస్‌గా.

మాకు చిన్నప్పుడు నేర్పిన కిటుకే చెప్పాను. క్రియని పట్టుకుని 'దేన్ని?' అని అడుగు. తిన్నాడు, దేన్ని? మామిడిపండుని. జవాబొచ్చింది, కాబట్టి ట్రాన్సిటివ్, మార్చొచ్చు. నిద్రపోయాడు, దేన్ని? జవాబు లేదు, అంటే ఇన్‌ట్రాన్సిటివ్, ముట్టుకోకు.

బాగానే చెప్పాననుకుంటుండగా వాడు 'ఐ హ్యావ్ ఎ సైకిల్' చూపించాడు. "హ్యావ్, దేన్ని? సైకిల్‌ని. మార్చెయ్యనా?"

దొరికిపోయాను. 'ఎ సైకిల్ ఈజ్ హ్యాడ్ బై మీ' అని ఎవరూ అనరని తెలుసు గానీ, ఎందుకనరో వాడికి చెప్పాలిగా! కాఫీ కలుపుకుంటూ ఆలోచిస్తే తట్టింది. తినడం పని, ఉండడం స్థితి. ఇక్కడ హ్యావ్‌కి సైకిల్ ఆబ్జెక్టే అయినా, నేను దాన్ని చేసిందేమీ లేదు. అసలు తెలుగులో 'నాకు సైకిల్ ఉంది' అంటాం, అక్కడ కర్త సైకిలే.

ఇదంతా చెబితే వాడు విన్నాడో లేదో గానీ, పడుకునే ముందు మాత్రం "మావయ్యా, డిడ్ యూ అండర్‌స్టుడ్?" అని నన్నే అడిగాడు.

డిడ్ సంగతి ఇవాళ రాత్రికి.